రైతుని ఏప్రిల్లో కాదు, డిసెంబర్లో పిలవాలి: మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఎక్స్‌పో కేస్ స్టడీ

గుంటూరు దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చెప్తాను. కాలేజీ పేరెందుకులెండి, ఇక్కడ రాసే తప్పుల్లో సగం నావే, మిగతా సగం ఏ కాలేజీలో అయినా జరిగేవే. 2023లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఎక్స్‌పో కోఆర్డినేషన్ నా మీద పడింది. పడింది అనే అంటాను, ఎవరూ అడిగి తీసుకునే పని కాదది. అంతకుముందు చూసుకున్నాయన వేరే కాలేజీకి వెళ్ళిపోయారు. స్టాఫ్ మీటింగ్‌లో హెచ్‌ఓడీ గారు గదంతా ఒకసారి కలియజూశారు, అందరూ డైరీల్లోకి తలలు దించేశారు, నేను ఒక్క క్షణం ఆలస్యం చేశాను.

ఆ ఏడాది జరిగిన ఎక్స్‌పో, మార్పులతో 2024లో చేసిన ఎక్స్‌పో, రెండూ కలిపి రాస్తున్నాను. ఫైళ్ళలో చూస్తే మొదటిదే పెద్ద హిట్. స్టాళ్ళు ఎక్కువ, ఫొటోలు ఎక్కువ, జిల్లా పేజీలో చిన్న వార్త కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ సాయంత్రం బండి మీద ఇంటికెళ్తుంటే ఒకటే ఆలోచన. 64 స్టాళ్ళు పెట్టాం కదా, వాటిలో ఒక్కటైనా ఎవరి కోసం చేశామని ఫ్లెక్స్ మీద రాసుకున్నామో వాళ్ళ చేతిలోకి వెళ్ళిందా అని. వెళ్ళాయి, రెండు వెళ్ళాయి. రెండు చోట్లా మా పరువు పోయింది.

2023, ఏప్రిల్

పది గంటలకి ప్రారంభం అని కార్డులో వేశాం. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, ముగ్గురి ప్రసంగాలు. పిల్లలు ఎనిమిది నుంచీ స్టాళ్ళ దగ్గర నిలబడే ఉన్నారు, వాళ్ళ బ్యాటరీలు అప్పటికే దిగిపోతున్నాయి (రోబోలవీ, మనుషులవీ). జడ్జీలు ముగ్గురూ కలిసే తిరిగారు. రెండింటికి భోజనాలు కాబట్టి ఉన్నది రెండు గంటలు, స్టాళ్ళు 64. లెక్క వేసుకోండి, ఒక్కో టీముకి రెండు నిమిషాలు కూడా రావు. రెండు నిమిషాల్లో జడ్జి చూడగలిగేది ఫ్లెక్స్ ఒక్కటే. ఈ సంగతి పిల్లలకి మనకంటే ముందే తెలుసు, అందుకే సెన్సర్ మీద కంటే ఫ్లెక్స్ మీద ఎక్కువ ఖర్చు పెడతారు. వాళ్ళని తప్పు పట్టలేను.

మధ్యలో న్యాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైలు కోసం జియోట్యాగ్ ఫొటోలు. ప్రతి స్టాల్ దగ్గరా అందర్నీ నిలబెట్టి తీయించాను. ఒక టీము డెమో మధ్యలో ఉంటే ఆపించి మరీ తీయించాను, అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కరెంట్ సంగతి విడిగా చెప్పాలి, ఇది ఎవరూ ముందే చెప్పరు. ఆడిటోరియంలో ఒక వైపు సాకెట్లన్నీ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) మీద ఉన్నాయి. అంటే 230 వోల్టుల దగ్గర 3680 వాట్లు. దాని మీద ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి డెస్క్‌టాప్‌లు, కోడిగుడ్ల ఇంక్యుబేటర్ ప్రాజెక్టులో 100 వాట్ల బల్బులు, ఈఈఈ వాళ్ళ మోటారు, ఏప్రిల్ ఎండ కాబట్టి రెండు పెద్ద కూలర్లు. కరెంట్ పోయింది. కూలర్లు తీసేశాం, లోడు తగ్గింది, అయినా అరగంటకోసారి మళ్ళీ కరెంట్ పోతూనే ఉంది. ఎలక్ట్రీషియన్ పైకెత్తడం, అది పడిపోవడం. చివరికి ఈఈఈ సీనియర్ మేడమ్ వచ్చి బోర్డు తలుపు తీసి, "ఇది ఎంసీబీ కాదయ్యా, ఆర్‌సీసీబీ పడుతోంది" అన్నారు. ఎర్త్‌కి కరెంట్ కారితే పడే స్విచ్ అది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) లోపలి ఫిల్టర్ నుంచి ఎర్త్‌కి కొద్దిగా కరెంట్ కారుతూనే ఉంటుంది, ఒక మిల్లీ ఆంపియర్ అటూ ఇటూగా. ఒక్క కంప్యూటర్‌కి అది లెక్కే కాదు. పాతిక ఒకే ఆర్‌సీసీబీ మీద పెడితే అన్నీ కలిసిపోతాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 30 దగ్గర కచ్చితంగా పడాలి, అందులో సగం దాటిన దగ్గర్నుంచి ఎప్పుడైనా పడొచ్చు. షార్ట్ ఎక్కడుందా అని మేం వైర్లు వెతుకుతూ కూర్చున్నాం, అసలు షార్టే లేదు.

తర్వాత వైఫై. మా పిల్లల ప్రాజెక్టుల్లో సగానికి పైగా నోడ్ఎంసీయూ (వైఫై ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు) ఉంటుంది, అందులో ఉండే ఈఎస్‌పీ8266 చిప్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. కొత్త ఫోన్ల హాట్‌స్పాట్ చాలాసార్లు 5 గిగాహెర్ట్జ్‌లో ఆన్ అవుతుంది, బోర్డుకి అది కనపడనే కనపడదు. "నిన్న రాత్రి హాస్టల్లో పనిచేసింది సర్" అనే మాట ఆ రోజు ఎన్నిసార్లు విన్నానో. 2.4కి మార్చుకున్నా తిప్పలే, ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్ళు మూడే, 1, 6, 11. ఒక్క హాల్లో అరవై హాట్‌స్పాట్లు పెడితే సంతలో అందరూ ఒకేసారి అరిచినట్టే.

బ్లూటూత్ కార్ల కథ వేరే. హెచ్‌సీ-05 మాడ్యూల్ కొన్నప్పుడు దాని పేరు హెచ్‌సీ-05, పిన్ 1234. ఎవరూ మార్చరు. పక్కపక్కనే నాలుగు టీములు ఉన్నాయి, ఒకడు తన ఫోన్లో ఫార్వర్డ్ నొక్కితే పక్క టీము కారు టేబుల్ మీంచి కిందపడింది. కొట్టుకోలేదు కానీ అంతదాకా వెళ్ళారు.

ఇంకో వైపు అల్ట్రాసోనిక్ సెన్సర్లు (మనకి వినపడని శబ్దం పంపి, ప్రతిధ్వనితో దూరం కొలిచేవి), హెచ్‌సీ-ఎస్‌ఆర్04, అన్నీ ఒకే 40 కిలోహెర్ట్జ్‌లో కూస్తాయి. స్మార్ట్ డస్ట్‌బిన్ పక్కన స్మార్ట్ పార్కింగ్ పెడితే ఒకదాని ప్రతిధ్వని ఇంకోదానికి వినపడి డస్ట్‌బిన్ మూత ఊరికే తెరుచుకుంటుంది. జీఎస్‌ఎం మాడ్యూల్ (సిమ్ వేసి మెసేజ్‌లు పంపే బోర్డు) ఉన్న టీముల సంగతైతే మరీ అన్యాయం. సిమ్800ఎల్ 2జీ మీద నడిచే మాడ్యూల్, పిల్లలందరి దగ్గరా జియో సిమ్ములు, జియోకి 2జీ లేదు. ఎయిర్‌టెల్ సిమ్ ఉన్న అటెండర్ ఆ రోజు మా హీరో. సిమ్ దొరికిన టీముకి కూడా మెసేజ్ పంపే క్షణంలో బోర్డు రీసెట్ అయిపోయింది, ఎందుకంటే ఆ మాడ్యూల్ సిగ్నల్ పంపేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, వీళ్ళు దానికి ఆర్డునో (చిన్న కంట్రోల్ బోర్డు) పిన్ నుంచే పవర్ ఇచ్చారు.

ఇవన్నీ సర్దుకునేవే. తర్వాత ఏడాది సర్దుకున్నాం కూడా. అసలు దెబ్బ ఇవి కాదు.

మిరప ఫొటో

సీఎస్‌ఈ వాళ్ళ స్టాల్ ఒకటి, డీప్ లెర్నింగ్‌తో మొక్కల తెగుళ్ళ గుర్తింపు. ప్రతి కాలేజీలో ప్రతి ఏడాదీ కనీసం ఒకటుంటుంది. ఫ్లెక్స్ మీద 98 శాతం అని పెద్ద ఎర్రంకెలు. మధ్యాహ్నం ఒకాయన వచ్చి నిలబడ్డారు. మా ఈఈఈ అమ్మాయి ఒకరి నాన్నగారు, పల్నాడు వైపు మిరప రైతు.

"ఇది తెగులు చెప్పుద్దా బాబూ?"

"చెప్తుంది అంకుల్, 98 పర్సెంట్ యాక్యురసీ."

"మిరపక్కూడానా?"

"పెప్పర్ ఉంది అంకుల్."

ఆయన ఫోన్ తీశారు. వాట్సాప్‌లో పురుగుమందుల కొట్టాయనకి పంపిన పాత ఫొటోలు, మన రైతులకి నిజమైన తెగుళ్ళ యాప్ అదే కదా. 2021 డిసెంబర్‌వి. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా ఉంది. కుర్రాడు దాన్ని తన యాప్‌లోకి ఎక్కించాడు. రెండు సెకన్లు తిరిగి జవాబొచ్చింది, పెప్పర్ బెల్, హెల్దీ, 96 శాతం.

"హెల్దీ అంటే?"

"ఆరోగ్యంగా ఉందని అంకుల్."

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. "ఆ చేను పీకేశాం బాబూ" అన్నారు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు అది, రెండు రాష్ట్రాల్లోనూ మిరప రైతులు పచ్చని చేలు పీకేసుకున్నారు. ఆ కుర్రాడికి అది తెలీదు, వాడిది విశాఖపట్నం.

జరిగిందేంటో సాయంత్రం కూర్చుని చూశాం. వాళ్ళు వాడింది ప్లాంట్‌విలేజ్ డేటాసెట్, అంటే మోడల్‌కి నేర్పడానికి వాడే ఆకు ఫొటోల కట్ట. అందరూ అదే వాడతారు, ఊరికే దొరుకుతుంది, 54 వేల పైచిలుకు ఫొటోలు, 14 పంటలు, 38 తరగతులు. అందులో యాపిల్ ఉంది, ద్రాక్ష ఉంది, బ్లూబెర్రీ ఉంది. వరి లేదు, పత్తి లేదు, మన మిరప లేదు. ఉన్నది బెల్ పెప్పర్, అంటే క్యాప్సికమ్, అది కూడా రెండే రకాలు, బ్యాక్టీరియా మచ్చలున్న ఆకు, బాగున్న ఆకు. ముడత అనే మాటే దానికి తెలీదు. అలాంటి మోడల్‌కి ఏ ఆకు చూపించినా తనకి తెలిసిన 38లోనే ఏదో ఒకటి చెప్పి తీరాలి, "నాకు తెలీదు" అనే జవాబు దాని దగ్గర లేదు. పైగా ఆ ఫొటోలు ఆకు తెంపి, శుభ్రమైన బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి. ఆ డేటాసెట్ మీద 2016లో వచ్చిన మొదటి పేరున్న పేపర్లోనే టెస్ట్ యాక్యురసీ 99.35 శాతం, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల మీద చూస్తే 31 శాతం దగ్గరికి పడిపోయిందని రాసుంది. అబ్‌స్ట్రాక్ట్ చదివినవాడికి మొదటి అంకె గుర్తుంటుంది. మా వాళ్ళ గైడు కూడా మొదటి అంకే చూశాడు, నేనే గైడైనా అంతే చూసేవాణ్ణేమో.

వెళ్తూ వెళ్తూ ఆయన ఇంకో మాటన్నారు. "అయినా ఆ పురుగు ఆకులో కాదు బాబూ, పూతలో ఉంటది. పూవు దులిపి చూడాల." ఒక్క వాక్యంలో ప్రాజెక్ట్ మొత్తం తలకిందులైంది. ఆకు ఫొటో తీస్తే ఎంత గొప్ప మోడలైనా ఏం చూస్తుంది?

మాస్టారు

రెండోది నేను గైడ్ చేసిన టీమే, అందుకే ఇంకా మంట. అంధుల కోసం స్మార్ట్ స్టిక్. పీవీసీ పైపు, దానికి ముందువైపు అల్ట్రాసోనిక్ సెన్సర్, ఆర్డునో, బజర్. అడ్డం వస్తే కూస్తుంది. ఒక ప్రభుత్వ స్కూల్లో సోషల్ చెప్పే మాస్టారు వచ్చారు, పుట్టుకతో చూపు లేదు, వాళ్ళ మేనల్లుడు మా దగ్గర మెకానికల్. కర్ర చేతికిచ్చాం. పది అడుగులు వేశారు. జనం, టేబుళ్ళు, కుర్చీలు, అన్నిటికీ కూత. ఆగకుండా కూత. ఆయన ఆగి కర్రని గోడకి ఆనించారు.

"బాబూ, నేను నడిచేది చెవులతో. ఇది కూస్తుంటే నాకింకేమీ వినపడట్లేదు."

"సర్, వాల్యూమ్ తగ్గిస్తాం సర్."

"సరే. ముందు మెట్లు దిగాల్సి ఉంటే చెప్తుందా? మూత లేని డ్రైనేజీ ఉంటే?"

చెప్పదు. సెన్సర్ ముందుకి చూస్తుంది, గుంత నుంచి ప్రతిధ్వని రాదు, ఏమీ రాకపోతే మా కోడు దారి ఖాళీగా ఉందని అనుకుంటుంది. మా టీములో ఒకడు, "మేం కళ్ళకి గంతలు కట్టుకుని టెస్ట్ చేశాం మాస్టారూ" అన్నాడు. దానికాయన, "గంతలు కట్టుకుంటే నువ్వు గంతలు కట్టుకున్నోడివి అవుతావు, అంతే" అని భుజం తట్టారు.

ఈ మాటలైన గంటకి ఆ స్టిక్‌కి సెకండ్ ప్రైజ్ అనౌన్స్ చేశారు. మాస్టారు హాల్లోనే ఉన్నారు, చప్పట్లు కొట్టారు. నేను స్టేజీ మీద షీల్డులు అందిస్తున్నాను.

ఏం మార్చాం

ఆ వేసవంతా నా బుర్రలో తిరిగింది ఒక చిన్న విషయం. ఆ రైతు చెప్పింది, మాస్టారు చెప్పింది, రెండూ ప్రాజెక్టులకి ప్రాణం పోసే మాటలు. కానీ ఏప్రిల్లో వింటే వాటిని ఏం చేసుకోవాలి? వైవా అయిపోయింది, బ్లాక్ బుక్ (ప్రాజెక్ట్ రిపోర్టు) బైండింగ్ అయిపోయింది, బంగారు అక్షరాలు కూడా అచ్చయ్యాయి. పిల్లలు వింటారు, "ఫ్యూచర్ స్కోప్" అంటారు, వెళ్ళిపోతారు. పైగా మిరప విషయంలో ఇంకో తిరకాసు, ఏప్రిల్ నాటికి చేలో ఫొటో తీద్దామన్నా సరైన ఆకు ఉండదు, కాయ కోతలు అయిపోయి యార్డుకి టిక్కీలు (మిరప బస్తాలు) వెళ్తుంటాయి. తెగులు చూడాలంటే నవంబర్, డిసెంబర్, జనవరి. మన సెమిస్టర్ క్యాలెండర్‌కీ చేను క్యాలెండర్‌కీ పొంతన లేదు, మారాల్సింది చేను కాదు కదా.

అందుకని 2023 డిసెంబర్లో, ప్రాజెక్టులు సగం కూడా కాకముందు, ఒక రోజు పెడదామన్నాను. హెచ్‌ఓడీ గారు, "పని చెయ్యని వాటిని బయటివాళ్ళకి చూపిస్తే నవ్విపోరూ?" అన్నారు. ఏప్రిల్లో నవ్వడం కంటే అది నయం సార్ అన్నాను. ఖర్చు లేదని తెలిశాక ఒప్పుకున్నారు, నిజం చెప్పాలంటే ఆయన్ని ఒప్పించింది అదే. ఫ్లెక్స్ వద్దు, ప్రైజ్ వద్దు, ముఖ్య అతిథి వద్దు, శాలువా అసలే వద్దు. ప్రతి టీమూ ఒక టేబుల్ వేసుకుని, తమ వస్తువుని నిజంగా వాడబోయే మనిషిని ఒక్కర్ని తెచ్చుకోవాలి. వచ్చినవాళ్ళకి టీ, మిర్చి బజ్జీ. పిల్లలు దానికి "సంత" అని పేరు పెట్టారు, అదే ఖాయమైంది.

58 టీముల్లో 31 టీములు ఎవర్నో ఒకర్ని తెచ్చాయి. మిగతావాళ్ళలో కొందరు, "మా ప్రాజెక్టుకి యూజర్ లేడు సర్" అన్నారు. వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) వాళ్ళకి అది కొంత నిజమే, వాళ్ళకి పాత విద్యార్థుల్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టాం. చాలామందికి మాత్రం నిజం కాదు, వెతకలేదు అంతే. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ టీము కూడా అలాగే అన్నది. మీ యూజర్ మన ఆఫీసులోనే ఉన్నాడ్రా అని అటెండెన్స్ ఎక్కించే క్లర్కు గారిని పిలుచుకొచ్చాను. ఆయన రెండు నిమిషాలు చూసి, "పొద్దున మొహం చూపించి పదకొండింటికి గోడ దూకినోణ్ణి ఇది పట్టుద్దా?" అన్నారు. ఆ తర్వాత హాజరు 75 శాతం, 65 దాటితే మెడికల్ కండోనేషన్ (అనారోగ్యం కింద మినహాయింపు), స్పోర్ట్స్‌కి వెళ్ళినవాళ్ళ ఓడీ (ఆన్ డ్యూటీ), ఇవన్నీ ఎలా లెక్కేస్తారో అరగంట చెప్పారు. ఆ టీము ప్రాజెక్టులో పనికొచ్చిన భాగం మొహం గుర్తుపట్టడం కాదు, ఆ లెక్క.

వచ్చినవాళ్ళు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే రాసుకోమన్నాను. ఇది నేను అనుకున్నదానికంటే కష్టమైంది. రైతు "మందు కొట్టినాక ఆకు మాడిపోద్ది గదా, దాన్ని కూడా తెగులంటదా?" అని అడిగితే పిల్లలు కాగితం మీద "యూజర్ సజెస్టెడ్ ఇంప్రూవింగ్ రోబస్ట్‌నెస్" అని రాశారు. చింపించి మళ్ళీ రాయించాను. ఏప్రిల్ మార్కుల షీట్లో సగం ఈ కాగితం మీదే పెట్టాం, ఎవరికి చూపించావు, వాళ్ళేమన్నారు, నువ్వేం మార్చావు.

కొన్న ప్రాజెక్టుల గురించి చెప్పకపోతే ఈ రాత అబద్ధం అవుతుంది. అమీర్‌పేటలో అయితే వీధులకి వీధులే ఉన్నాయి, గుంటూరు, విజయవాడల్లోనూ ప్రాజెక్ట్ సెంటర్లకి కొదవ లేదు. కిట్టు, కోడు, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవా ప్రశ్నలతో సహా ప్యాకేజీ. వాటి మీద లెక్చర్ ఇస్తే లాభం లేదని నా అనుభవం. నేను చేసేది ఒకటే, బోర్డు దగ్గరికెళ్ళి, "ఈ ఎల్‌ఈడీ 7వ పిన్ మీద ఉంది కదా, 8కి మార్చి చూపించు" అంటాను. సొంతంగా చేసినవాడికి రెండు నిమిషాలు. కొన్నవాడు ఫోన్ పట్టుకుని బయటికెళ్తాడు. వాణ్ణి కూడా ఫెయిల్ చెయ్యను, "వారం టైమ్, దీన్లో ఒక్క పార్టు మార్చి నీదిగా చేసుకురా" అంటాను. కొందరు నిజంగా నేర్చుకున్నారు. కొందరు వారం తర్వాత ఇంకో సెంటర్‌కి వెళ్ళొచ్చారు, అదీ చూశాను.

మా సంత సివిల్ వాళ్ళకి పనికిరాదనుకున్నాను. రోబో ఇసుకతో (రాయి పగలగొట్టి చేసే ఇసుక) కాంక్రీటు, 150 మిల్లీమీటర్ల క్యూబులు, 7 రోజులు, 28 రోజులు నీళ్ళలో ఉంచి పగలగొట్టి బలం కొలవడం, ఇందులో జనానికి చూపించేదేముంది? క్యాంపస్‌లో కొత్త బ్లాక్ కడుతున్న మేస్త్రీని వాళ్ళు పట్టుకొచ్చారు. ఆయన క్యూబు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, బలం గురించి అడగనే లేదు. "దీనికి నీళ్ళెక్కువ పట్టుద్ది, తాపీకి లొంగదు, మా కూలోళ్ళు చెప్పకుండా ఇంకో బక్కెట్ పోస్తారు. అప్పుడెంత బలం ఉంటదో అది చెప్పండి" అన్నారు. రోబో ఇసుక రేణువులు కోసుగా ఉంటాయి, దుమ్ము ఎక్కువ, నీళ్ళు ఎక్కువ అడిగే మాట నిజం. నీళ్ళు పెరిగితే బలం పడిపోతుందని ప్రతి సివిల్ విద్యార్థికీ తెలుసు. ఆ రెండూ కలిపి సైట్లో ఏం జరుగుతుందో మాత్రం ఏ టేబుల్లోనూ లేదు. వాళ్ళు జనవరిలో "మేస్త్రీ మిక్స్" అని పేరు పెట్టి ఇంకో సెట్ క్యూబులు పోశారు, కావాలనే నీళ్ళెక్కువ కలిపి. నాకు ఆ ఏడాది అన్నిటికంటే నచ్చిన ప్రాజెక్టు అదే, దానికి ఒక్క వైరు కూడా లేదు.

2024, ఏప్రిల్

కరెంట్, వైఫై సంగతులు త్వరగా చెప్పేస్తాను. సాకెట్లని మూడు సర్క్యూట్లకి పంచి, డెస్క్‌టాప్‌లు వద్దని, ల్యాప్‌టాప్‌లు ఇంటి దగ్గరే ఛార్జ్ చేసి తెమ్మన్నాం. ఫోన్ హాట్‌స్పాట్లు బంద్, 1, 6, 11 ఛానళ్ళ మీద మూడు రౌటర్లు మేమే పెట్టాం. ఇంటర్నెట్ పోయినా డెమో నడవాలన్నది రూల్. ప్రతి బ్లూటూత్ మాడ్యూల్‌కి టీము నంబరే పేరు. అల్ట్రాసోనిక్ టీముల్ని హాలు నాలుగు మూలలకీ విసిరేశాం. టైము సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది, ఎండ తగ్గాక ఊళ్ళోంచి జనం వచ్చే టైము. ముఖ్య అతిథి ఏడింటికి వచ్చి ప్రైజులిస్తే చాలన్నాం. ఇది గెలవడానికి రెండు మీటింగులు పట్టింది.

స్టిక్ ప్రాజెక్టుని జూనియర్లు అందుకున్నారు, పాత కర్ర చేతికిచ్చి మాస్టారి మాటలన్నీ చెప్పాను. డిసెంబర్ సంతకి ఆయన్ని మళ్ళీ పిలిచాం. అప్పటికే ఐఐటీ ఢిల్లీ వాళ్ళు చేసిన స్మార్ట్‌కేన్ ఉంది కదా, 2014 నుంచీ మార్కెట్లో ఉన్నదే, దాన్ని చదివి రమ్మన్నాను. అందులో తెలివి ఏంటంటే అది కర్రని మార్చదు. తెల్ల కర్ర పిడికి తగిలించుకునే పరికరం, మోకాలి కింది సంగతి కర్ర చూసుకుంటుంది, పైన తలకి తగిలే కొమ్మలూ కిటికీ రెక్కలూ పరికరం చూసుకుంటుంది, చేతికి వైబ్రేషన్‌తో చెప్తుంది. మా వాళ్ళు కూడా బజర్ తీసేశారు, మాస్టారి సొంత కర్రకే చిన్న డబ్బా కట్టారు. స్ట్రాప్ జారిపోతూనే ఉండేది, చివరిదాకా దాన్ని సరిచెయ్యలేకపోయారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు, "గుంతలు, దిగే మెట్లు ఇది చెప్పదు. వాటికి మీ కర్రే." ఒక జడ్జి అది చదివి, సొంత స్టాల్లో లోపాలు రాసుకుంటారా అని మార్కులు తగ్గించాడు. నేను వాదించాను, ఓడిపోయాను. ప్రైజ్ రాలేదు. మాస్టారు మాత్రం ఆ డబ్బా ఇంటికి తీసుకెళ్ళారు, స్ట్రాప్ బదులు సైకిల్ ట్యూబ్ ముక్క కట్టుకున్నారట.

ఆ ఏడాది మిరప టీము నవంబర్ నుంచి ఆదివారాలు పల్నాడు చేలల్లో తిరిగింది, ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారే దారి చూపించారు. వెయ్యికి పైగా ఫొటోలు, ఎండలో, నీడలో, మట్టి కొట్టుకున్నవి, మందు మరకలున్నవి. పై ముడత తామర పురుగుది, కింది ముడత నల్లిది, బాగున్న ఆకు, ఇంకా నాలుగోది "తెలియదు." ఆ నాలుగో తరగతి కోసం టీములో పెద్ద గొడవ, యాక్యురసీ పడిపోతుందని. పడిపోయింది. 71 దగ్గర ఆగింది. 71 అనే ఫ్లెక్స్ మీద వేశారు. పక్క స్టాల్లో ఏదో ప్రాజెక్ట్ మీద 99 అని ఉంది, తల్లిదండ్రులందరూ అటే వెళ్ళారు. మన రైతు వచ్చి ఆ అంకె చూసి, "అంటే పదిట్లో ఏడు గదా. మా కొట్టాయన కంటే నయమే" అన్నారు. పూత ఫొటోల దాకా వాళ్ళు వెళ్ళలేకపోయారు, తామర పురుగు ఒక మిల్లీమీటర్ ఉంటుంది, మామూలు ఫోన్ కెమెరాకి చుక్కలా కనపడుతుంది అంతే.

2024 నవంబర్లో ఆయన నాకు ఫోన్ చేశారు. చేను పూత మీదుందట, యాప్ తెరుచుకోవట్లేదట, ఆ పిల్లలెక్కడున్నారని అడిగారు. ఇద్దరు బెంగళూరులో, ఒకడు హైదరాబాద్‌లో, ఒకమ్మాయి అమెరికాలో ఎంఎస్. యాప్ వెనక ఉన్న ఫ్రీ సర్వర్ గడువు ఎప్పుడో అయిపోయింది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో వాళ్ళకే గుర్తులేదు. నేను దీని గురించి ఆలోచించనే లేదు. సంత పెట్టాను, మనుషుల్ని పిలిచాను, వాళ్ళు నమ్మి వాడటం మొదలుపెడితే మే నెల తర్వాత ఎవరు చూసుకుంటారన్నది ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు ఆఖరి సెమిస్టర్లో బ్లాక్ బుక్‌తో పాటు కోడు, డేటా, పాస్‌వర్డులు జూనియర్ టీముకి కూర్చుని అప్పగిస్తేనే నో డ్యూస్ మీద నా సంతకం.

మోడల్ ఫైలు అదృష్టం కొద్దీ ఒకడి పాత ల్యాప్‌టాప్‌లో దొరికింది. కొత్త టీము దాన్ని ఫోన్‌లోనే నడిచేలా మార్చింది, సర్వర్ గోల లేకుండా. పూత ఫొటోల కోసం ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ ఒకటి కొన్నారు, మొన్న ఆదివారం ఆయన చేలో తెల్లకాగితం మీద పూలు దులిపి ఫొటోలు తీసుకొచ్చారు. లెన్స్ బిల్లు నా టేబుల్ మీదే ఉంది, ఏ హెడ్ కింద పెట్టాలో అకౌంట్స్ వాళ్ళు ఇంకా చెప్పలేదు.